కంచరగెడ్డ చేపలో ఏముందో తెలియకూడదు

డాక్టర్ విరూపాక్షరావు గారు విదేశం వెళ్ళకముందు కంచరగెడ్డ సహజ జలాల పరిశోధనా కేంద్రంలో ఎవరి పని వారు కళ్ళు తెరుచుకునే చేసేవారు. ఆయన తిరిగి వచ్చాక ఆ అలవాటు పోయింది.

ఆయన ఆ కేంద్రానికి డైరెక్టరు. నీళ్ళ కేంద్రం డైరెక్టరుకు, ఎక్కడో సొరంగంలో కణాలను ఢీకొట్టించే యంత్రంతో ఏం పని అని అమాయకులు అడగవచ్చు. ఆ ఏడాది విదేశీ పర్యటన వంతు ఈ కేంద్రానికి వచ్చింది. ఆహ్వానమేమో ఆ యంత్రం వాళ్ళ దగ్గర నుంచి వచ్చింది. రెండూ కలిశాయి, ఆయన బయలుదేరారు. పది రోజుల తర్వాత మండుటెండలో ఉన్ని కోటుతో దిగి, ఆ మధ్యాహ్నమే సిబ్బందినందరినీ సమావేశపు గదిలో కూర్చోబెట్టారు.

"మిత్రులారా! కాంతి వేగానికి రవ్వంత తక్కువ వేగంతో కణాలు ఎదురెదురుగా వచ్చి ఢీకొనడం నేను చూశాను. అంటే అవి కంటికి కనిపించవు, కనుక చూశానని వారు చెప్పగా విన్నాను. ఆ ఢీ చుట్టూ మన కలెక్టరాఫీసంత డిటెక్టరు ఉంది. అయితే నన్ను పులకింపజేసింది అది కాదు. ఆ మహానుభావులు తమ ఫలితాన్ని తాము చూసుకోరు! అసలు అంకెలను పెట్టెలో దాచినట్టు దాచేస్తారు. లెక్క కట్టే పద్ధతి ఖరారై, అందరూ సరేనన్నాకనే తెరుస్తారు. ఎందుకు? చూస్తే ఆశ పుడుతుంది. ఆశ పుడితే లెక్క వంగుతుంది. చూడకపోవడమే సత్యానికి రాజమార్గం!"

అందరూ చప్పట్లు కొట్టారు. మూడో వరసలో కూర్చున్న డాక్టర్ సువార్త మనస్ఫూర్తిగా కొట్టింది. ఆయన చెప్పిన పద్ధతి నిజంగానే ఉంది, మంచిది కూడా. తన చేతి లెక్క తనకు నచ్చినట్టు వంగకుండా జాగ్రత్తపడడం శాస్త్రవేత్తకు ఉండవలసిన బుద్ధే కదా అనుకుంది. ఆ చప్పట్లు తలచుకుని తర్వాత చాలాసార్లు తన చేతులను తానే తిట్టుకుంది.

సువార్త పాదరసం మనిషి. గెడ్డకు, అంటే ఆ ఊరి వాగుకు, ఎగువన ఎప్పుడో మూతబడ్డ కాస్టిక్ సోడా ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. అది పోతూ పోతూ తన పాదరసాన్ని గెడ్డ బురదకు అప్పగించి పోయింది. బురదలో పాదరసం ఊరికే కూర్చోదు. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అది నాచులోకి, నాచు నుంచి పురుగులోకి, పురుగు నుంచి చిన్న చేపలోకి, చిన్న చేపను మింగిన కొరమేనులోకి పోతూ, పోయినకొద్దీ చిక్కబడుతుంది. కొరమేనును కడుపుతో ఉన్న ఆడమనిషి తింటే లోపలి బిడ్డ మెదడు దాకా వెళుతుంది. ఉడికించినా పోదు, ఎంత చింతపండు పిండినా పోదు. గెడ్డ చేపల్లో అది ఉందా, ఉంటే ఎంత ఉందన్నది తేల్చడమే సువార్త పని.

ఆ చేపలు తెచ్చిచ్చేది గెడ్డ కాలనీలో ఉండే పైడితల్లి. మొగుడు వల వేస్తాడు, ఈమె పొద్దున్నే బేసిన్ నెత్తిన పెట్టుకుని వచ్చి కేంద్రానికి కావలసినవి ఇచ్చి, మిగిలినవి బజారుకు పట్టుకుపోతుంది. ఆమెకు అప్పుడు అయిదో నెల.

"డాట్రమ్మగోరూ, నా సేపల్ని పరీచ్చ సేత్తన్నారు గదా. ఇంతకీ తినొచ్చా, తినకూడదా? ఆసుపత్రిలో నర్సమ్మేమో రోజూ తినమంతాది, రత్తం పడతాదట."

"పాదరసం ఉందో లేదో రెండు వారాల్లో చెప్పేస్తాను పైడితల్లీ," అంది సువార్త. అప్పటికి డైరెక్టరు గారి విమానం ఇంకా దిగలేదు.

ఆయన దిగిన మూడో రోజున 'అంధత్వ నియమావళి' వెలువడింది. దాని ప్రకారం ఏ శాస్త్రవేత్తా తన ఫలితాన్ని తాను చూడరాదు. ఫలితాలన్నీ నేరుగా ఇనప పెట్టెలోకి పోవాలి. పెట్టెకు మూడు తాళాలు ఉండాలి. మూడు తాళంచెవులు ముగ్గురు వేర్వేరు అధికారుల దగ్గర ఉండాలి. పై నుంచి ఏర్పాటయ్యే 'పేటికావిష్కరణ సంఘం' వచ్చినప్పుడే పెట్టె తెరవాలి.

సువార్త పాదరసం యంత్రం తెర మీద నల్లగుడ్డ కప్పారు. ప్రింటరును పక్క గదిలోకి మార్చి, కాగితం వచ్చిపడే చోట పెట్టెకు కంత పెట్టారు. సీసాల మీద చీటీలు పీకేసి వాటికి అంకెలు వేశారు. ఏ అంకె ఏ చేపో రాసిన కాగితాన్ని కూడా ఆ కంతలోనే వేశారు. సువార్త అప్పటికి ఓర్చుకుంది. ముగ్గురు అధికారుల్లో ఒకాయన బదిలీ అయ్యాడు, ఇంకొకాయన సెలవు పెట్టాడు. దాంతో మూడు తాళంచెవులూ పరిపాలనాధికారి గవర్రాజు మొలతాడుకే వేలాడసాగాయి. అయినా తాళాలు మూడే కనుక నియమం చెడలేదు.

మంచి పద్ధతిని పాదరసం దగ్గరే ఆపేస్తే మిగతా విభాగాలు చిన్నబుచ్చుకోవా? వాన కొలిచే ఆయన కొలజాడీని వీపు వెనక పెట్టుకుని నీళ్ళు పారబోయడం మొదలుపెట్టాడు. లైబ్రరీలో పుస్తకాలన్నిటికీ ఒకే రంగు అట్టలు వేశారు. ఏ పుస్తకం వస్తుందో తెలియకుండా చదివితేనే జ్ఞానం నిష్పాక్షికంగా ఉంటుందట. గేటు దగ్గర కాపలాదారుకు, లోపలికి వచ్చేవారి ముఖం చూడరాదని ఉత్తర్వు ఇచ్చారు. ఆ వారంలోనే రెండు మైక్రోస్కోపులు పోయాయి. ఎవరు పట్టుకుపోయారో అతను చూడలేదు. నియమాన్ని అక్షరాలా పాటించినందుకు అతనికి ప్రశంసాపత్రం ఇచ్చారు.

రెండు వారాలు దాటి నెల అయింది. పైడితల్లి రోజూ వస్తోంది, రోజూ అడుగుతోంది. సువార్త ఇక ఉండబట్టలేక డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళింది.

"సార్, గెడ్డ చేపల ఫలితం ఒక్కటి ముందుగా తెరిపించండి. కాలనీలో కడుపుతో ఉన్న ఆడవాళ్ళు రోజూ తింటున్నారు."

విరూపాక్షరావు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆ మధ్య ఆయన ముఖ్యమైన విషయాలన్నీ కళ్ళజోడు తీసే మాట్లాడుతున్నారు.

"అంటే పాదరసం ఉందని మీ ఉద్దేశమా?"

"ఉండవచ్చని అనుమానం సార్."

"చూశారా! ఫలితం రాకముందే మీ మనసులో ఒక ఫలితం ఉంది. దీన్నే పక్షపాతం అంటారు సువార్త గారూ."

"లేదని తేలితే అందరికంటే నేనే ఎక్కువ సంతోషిస్తాను సార్."

"సంతోషం కూడా పక్షపాతమే."

"సార్, అక్కడ వాళ్ళు దాచేది కణం. దాన్ని ఎవరూ పులుసు పెట్టుకోరు. మన పెట్టెలో ఉన్నది రోజూ పొయ్యి మీదకు ఎక్కుతోంది."

"విజ్ఞానశాస్త్రం వంటింటి కోసం ఆగదమ్మా."

"ఆగమనడం లేదు సార్, తెరవమంటున్నాను. పోనీ, ఫలితం సంగతి ఎత్తకుండా, కొన్నాళ్ళు పెద్ద చేపలు తినవద్దని కాలనీలో చెబుదాం."

డైరెక్టరు గారు చటుక్కున కళ్ళజోడు పెట్టేసుకున్నారు.

"ఆ పని మాత్రం చేయకండి! ఆ ప్రజల తలవెంట్రుకల్లో పాదరసం కొలవడం మన రెండో దశ ప్రాజెక్టు. వాళ్ళు ఇప్పుడు చేపలు మానేస్తే వెంట్రుకల్లో మనకు ఏం మిగులుతుంది? ప్రజలు కూడా ప్రయోగంలో అంతర్భాగం. వారూ అంధత్వంలోనే ఉండాలి. ఇది వారి మంచి కోసమే."

సువార్త బయటికి వచ్చి వరండాలో నిలబడింది. అప్పుడే ఎదురొచ్చిన పైడితల్లి బేసిన్ దించి చెంగుతో ముఖం తుడుచుకుంది.

"ఏటమ్మా, ఏటైనా తేలిందా?"

"ఇంకా నేను చూడలేదు పైడితల్లీ. చూడనివ్వడం లేదు. అయినా నా మాట విని కొరమేను, వాలుగ లాంటి పెద్దవి మానెయ్యి. చిన్నవి ఎప్పుడైనా తిను."

"సూడనప్పుడు మానెయ్యమంటే ఎలాగమ్మా? నర్సమ్మ తినమంతాది, మీరు వొద్దంటారు. మా అత్త కొరమేను తలకాయి నాకోసమే దాసి పెడతాది, బిడ్డకి తెలివొస్తాదని. ఆవిడికేటని సెప్పమంతారు? ఉందో లేదో సెప్పండి, మానేత్తాను."

ఉందని సువార్త చెప్పలేకపోయింది. చూడని దాన్ని చూశానని చెప్పడం ఆమెకు చేతకాదు. చూడనిస్తే చాలు, ఒక్క నిమిషంలో చెప్పగలదు. పక్క గదిలో, ఇనప పెట్టెలో, తన చేత్తో చేసిన పరీక్షల అంకెలు కాగితాల మీద పడి ఉన్నాయి. ఈ లోకంలో వాటిని చూడకూడని మొదటి మనిషి తానే.

ఆషాఢంలో ఒక గురువారం పేటికావిష్కరణ సంఘం రాజధాని నుంచి రెండు కార్లలో దిగింది. మామిడి తోరణాలు కట్టారు. పెట్టెకు పసుపు రాసి బొట్టు పెట్టారు. దీపం వెలిగించారు. ఛైర్మన్ గారు గవర్రాజు మొలతాడు నుంచి వచ్చిన మూడు తాళంచెవులనూ పళ్ళెంలో అందుకుని, మొదటి తాళంలో చెవి పెట్టబోయి ఆగిపోయారు.

"ఒక సందేహం. పెట్టె తెరిస్తే లోపల ఉన్నది మేము చూస్తాం గదా?"

"చూస్తారు సార్," అన్నాడు గవర్రాజు.

"చూసినవాడు అంధుడు కాడు. అంధుడు కానివాడు ఈ సంఘంలో సభ్యుడుగా ఉండరాదని మీ నియమావళి నాలుగో పేజీలో ఉంది. అంటే తెరిచిన మరుక్షణం ఈ సంఘం రద్దవుతుంది. రద్దయిన సంఘం తెరిచిన పెట్టె తెరిచినట్టు కాదు."

అందరూ ఆ మాటలోని లోతుకు తలలూపారు. సువార్త లేచి, "అయితే నేను తెరుస్తాను సార్. నేను ఏ సంఘంలోనూ లేను," అంది. ఆమెది పక్షపాతమని డైరెక్టరు గారు ఛైర్మన్ గారి చెవిలో చెప్పారు. ఛైర్మన్ గారు జాలిగా ఆమె వైపు చూశారు. ఈ చిక్కు విప్పడానికి ఒక ఉపసంఘం వేస్తున్నట్టు ప్రకటించి, పెట్టెకు కొత్తగా లక్క వేయించి, అందరూ భోజనాలకు లేచారు.

ఆ కేంద్రంలో ఏ వేడుకైనా కంచరగెడ్డ కొరమేను పులుసు ఉండి తీరాలి, అది పైడితల్లే వండాలి. ఎప్పటి నుంచో వస్తున్న ఆనవాయితీ. ఏడో నెల కడుపుతో ఆమె తెల్లవారుజాము నుంచి పొయ్యి దగ్గర నిలబడి వండింది. అరిటాకులు వేశారు. పులిహోర వచ్చింది, వంకాయ కూర వచ్చింది, తర్వాత పులుసు గంగాళం వచ్చింది. దాని ఘుమఘుమ మెట్ల దాకా పోయింది.

ఛైర్మన్ గారు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టారు. "గురువారం. ముట్టను."

ఆ పక్కాయన ముల్లంటే చిన్నప్పటి నుంచి భయమన్నాడు. ఆ పక్కాయన నిన్నటి నుంచే శాకాహారం మొదలుపెట్టాడట. గవర్రాజు వచ్చే కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకోబోతున్నానని, నిష్ఠ ఇప్పటి నుంచే అలవాటు చేసుకుంటున్నానని చెప్పాడు. ఇదివరకటి వేడుకల్లో పులుసు గిన్నె తన దగ్గరే ఉంచుకుని తినే విరూపాక్షరావు గారు పెరుగన్నం ముందే కలిపేసుకున్నారు. వంట బాగాలేదేమోనని పైడితల్లి ముఖం చిన్నబోయింది. గరిటె పట్టుకుని ఒక్కొక్క ఆకు దగ్గరా వంగుతోంది, లేస్తోంది.

సువార్త తల ఎత్తి పంక్తి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది. ఒక్క ఆకులోనూ చేప ముక్క లేదు. వీళ్ళందరికీ తెలుసు. లక్కలు, తాళాలు, దీపాలు, ఉపసంఘాలు అన్నీ తన కోసం, పైడితల్లి కోసం. గవర్రాజు మొలతాడు పుణ్యమా అని మిగతా వాళ్ళంతా ఎప్పుడో చూసేశారు.

డైరెక్టరు గారు చెయ్యి కడుక్కోవడానికి లేవబోతూ గంగాళం వైపు చూసి ఉదారంగా అన్నారు: "గవర్రాజు గారూ, ఆహారం వృథా కాకూడదు. ఆ పులుసును మన కేంద్రం తరఫున గెడ్డ కాలనీ గర్భిణులకు పంచిపెట్టండి. ఫొటో తీయించండి."

"పంచొద్దు," అంది సువార్త. అనడమే కాదు, లేచి నిలబడింది.

"ఏమ్మా?"

"అందులో పాదరసం ఉంది. చాలా ఉంది."

డైరెక్టరు గారి ముఖం ఎర్రబడింది.

"అంటే మీరు పెట్టె తెరిచారన్నమాట!"

"లేదు సార్. మీ ఆకులు చూశాను."

ఛైర్మన్ గారు గొంతు సవరించుకున్నారు. "భోజన పంక్తిలో గమనించిన అంశాలకు శాస్త్రీయ ప్రామాణ్యం లేదు. సభ్యుల వ్యక్తిగత ఆహారపుటలవాట్ల యాదృచ్ఛిక ఏకీభావాన్ని ఫలితంగా పరిగణించజాలము. దీన్ని మినిట్స్‌లో రాయనవసరం లేదు."

ఆ మాటలు పైడితల్లికి అర్థం కాలేదు. పాదరసం అన్న మాట మాత్రం అర్థమైంది. ఆమె ఒక చెయ్యి కడుపు మీద వేసుకుని, రెండో చేత్తో గంగాళంలో గరిటె ముంచి, మంచి ముక్క చూసి తీసి, డైరెక్టరు గారి ఆకులో వేసింది.

"బాబుగోరూ, ఈ ఒక్క ముక్క తినండి. మీరు తింటే నానే ఈ గంగాళం మోసుకెళ్ళి మావోళ్ళందరికీ పెడతాను. నానూ తింతాను."

విరూపాక్షరావు గారు ముక్క వైపు చూశారు. పులుసు మెల్లగా పెరుగన్నం వైపు జారింది. ఆయన అన్నం కాస్త పక్కకు లాక్కున్నారు.

"చూడమ్మా, నియమావళి ప్రకారం నేను ఈ విషయంలో అభిప్రాయం వెలిబుచ్చకూడదు."

"అబిప్రాయం నాకెందుకు బాబూ? ముక్క తినండి, సాలు."

ఆయన ఛైర్మన్ గారి వైపు చూశారు. ఛైర్మన్ గారు తోరణాల వైపు చూశారు. డైరెక్టరు గారు ముక్కతో సహా ఆకు మడిచేశారు. ఆయన్ను చూసి ఆ పక్కాయన మడిచాడు. పంక్తి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఆకులన్నీ మడతపడ్డాయి.

పైడితల్లి గంగాళం ఈడ్చుకుంటూ పెరట్లోకి తీసుకుపోయింది. సువార్త పరుగున వెళ్ళి రెండో చెవి పట్టుకుంది. ఇద్దరూ కలిసి గోతిలో పోసి మన్ను కప్పారు. పైడితల్లి ఆ మన్ను మీదే చతికిలబడి ఏడ్చింది.

"రెండు నెల్ల బట్టీ తింతన్నానమ్మా, తలకాయలతో సహా. రోజూ ఈళ్ళ మొకాలు సూసి దండవెట్టి ఎళ్తన్నాను. ఒక్కడైనా వొద్దే అన్లేదు."

"నేనైనా గట్టిగా చెప్పవలసింది," అంది సువార్త. ఆమెకూ ఏడుపు ఆగలేదు.

"మీరు సూడలేదన్నారు, నిజంగానే సూడలేదు. ఆళ్ళు సూసేరు గదమ్మా!"

ఆ సాయంత్రమే కాలనీ అంతా కొరమేను, వాలుగ తినడం మానేసింది. నర్సమ్మ కూడా మాట మార్చింది. సువార్త పైడితల్లిని పట్నం పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళి రక్తపరీక్ష చేయించింది. ఫలితం వచ్చినప్పుడు కాగితాన్ని మొదట పైడితల్లి చేతికే ఇమ్మని అక్కడి డాక్టరు దగ్గర పట్టుబట్టింది. పాదరసం ఉండదగినదానికంటే ఎక్కువే ఉంది. ఇప్పటికైనా మానేశారు, మంచిదయింది, బిడ్డను జాగ్రత్తగా కనిపెట్టి చూద్దాం అన్నాడు డాక్టరు. అంతకంటే గట్టి హామీ ఎవరూ ఇవ్వలేరు. కేంద్రంలో సువార్తకు మెమో ఇచ్చి, వాన కొలిచే పనికి మార్చారు.

ఆ సంవత్సరపు నివేదికలో మరో వింత నమోదైంది. 'గెడ్డ కాలనీలో పెద్ద చేపల వినియోగం ఆషాఢ మాసం నుంచి అకస్మాత్తుగా పడిపోయింది. కారణాలు తెలియరాలేదు.' కారణాలు కనిపెట్టడానికి పెద్ద ప్రాజెక్టు ఒకటి మంజూరైంది. దానికి నాయకుడిని ఎన్నుకోవడానికి రాజధాని సంఘం మళ్ళీ రెండు కార్లలో వచ్చింది. ఈసారి భోజనం పూర్తిగా శాకాహారం.

ఛైర్మన్ గారు నియమావళి తీశారు. కారణం ముందే తెలిసినవారు ఈ ప్రాజెక్టుకు అనర్హులు. సువార్తకు తెలుసు కనుక ఆమె పేరు కొట్టేశారు. గవర్రాజుకు తెలుసు. అటెండర్లకు తెలుసు, తోటమాలికి తెలుసు. ఎవరి ముఖమూ చూడని కాపలాదారుకు కూడా తెలుసు. ఒక్కొక్క పేరే పోతూ చివరికి కాగితం ఖాళీ అయింది.

"ఇంత పెద్ద సంస్థలో ఏమీ తెలియని శాస్త్రవేత్త ఒక్కరైనా లేరా?" అని ఛైర్మన్ గారు బాధపడ్డారు.

సభ్యులు ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరూ ప్రతిపాదించనక్కరలేకపోయింది. అందరి చూపూ ఒకే కుర్చీ మీద ఆగింది. విరూపాక్షరావు గారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, లేచి చేతులు జోడించి, ఈ బాధ్యతకు తనకంటే తగినవారు ఈ కేంద్రంలో లేరని సంఘం గుర్తించినందుకు కృతజ్ఞతలు చెప్పారు.